‘మీ సెషన్ ముగిసింది’ సూత్రమునకు రామగిరి వ్యాఖ్య

మూలము: మీ సెషన్ ముగిసింది. దయచేసి మళ్లీ లాగిన్ అవ్వండి.

అవతారిక: మేఘదూతమునకు వ్యాఖ్య వ్రాసిన కోలాచల మల్లినాథసూరి మెదకు సీమవాడు. యక్షుడు విరహించిన రామగిరి చిత్రకూటమని ఆయన తేల్చెను. నాగపూరు దాపుననున్న రామ్‌టెక్ అని మఱికొందఱు. సెంటినరీ కాలనీ డాబాలమీదినుండి చూచిన మబ్బులు తగులుచు కనబడు మా ఖిల్లాగుట్టయే అని మేము. ఆ తగవు అట్లుండనిండు. పై సూత్రమును మాత్రము మా నెట్ సెంటరులలో కాళిదాసుకంటె ఎక్కువమంది చదువుచున్నారు. దానికి టీక లేకపోవుట లోటు.

ప్రతిపదార్థము: మీ = పేరు, పుట్టిన తేదీ, హాల్ టికెట్ నంబరు అన్నియు ఇచ్చి, ఫొటోను కుదించి ఎక్కించిన తమయొక్క; సెషన్ = సర్వరు తన జ్ఞాపకమందు తమపేర తెఱచిన పద్దు; ముగిసింది = సమాప్తమైనది; దయచేసి = ఇచట దయ చదువరిదే, సర్వరుది కాదు; మళ్లీ = ఫొటో కుదించుట మొదలుకొని; లాగిన్ అవ్వండి = ఓటీపీకై ఫోను పట్టుకొని సిగ్నలున్న మూలకు నడువుడు.

విశేషము: ‘ముగిసింది’ అకర్మక క్రియ. ముగించినదెవరో చెప్పదు. సర్వరు మఱచెనా, బ్రౌజరు గుర్తు చూపలేదా, గడువు తీఱెనా? మూడింటికిని ఇదే వాక్యము. తప్పు జరిగినచోట కర్తను మ్రింగుట ఆఫీసు భాషకు పాత అలవాటే. కాని మందు వెదకువానికి ఆ కర్తయే కావలెను.

వివరణము: హెచ్‌టీటీపీకి పుట్టుకతోనే జ్ఞాపకము లేదు. ఒక పేజీ అడిగినవాడే రెండవ పేజీ అడిగినను దానికి కొత్తవాడే. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి ఈ కొఱత తీర్చుటకు కుకీని కల్పించెను. సర్వరు ఒక పొడవాటి నంబరిచ్చును; బ్రౌజరు దానిని దాచి, పోయిన ప్రతిసారి చూపును. బొగ్గుబాయిమీద లాంపు రూము ఎఱిగినవారికి ఇంతకుమించి చెప్పనక్కఱలేదు. ఎవరి నంబరు లాంపు వారికే గాని, ముప్పదియేండ్ల సర్వీసని ముఖము చూచి ఇచ్చునది కాదు.

పూర్వపక్షము: ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చి, కూతురి కాలేజీ దరఖాస్తుకు ఫీజు కట్టిన కార్మికుడొకడు. బ్యాంకు పేజీనుండి తిరిగి రాగానే మూలవాక్యము ప్రత్యక్షము. “పైసలు కటయినయ్, మల్ల నన్ను ఎవ్వరంటదేందిర?” అని అతని ప్రశ్న. “క్రోమ్‌ల గింతే కాకా, ఫైర్‌ఫాక్స్‌ల కొడ్త ఆగు” అని నెట్ సెంటరు కుఱ్ఱవాని మతము.

పండితులు ఈ మతమును నవ్వి త్రోసివేయుదురు. ఒక బ్రౌజరు దాచిన కుకీని మఱొక బ్రౌజరు చూడదు; క్రోమ్‌లో లాగిన్ అయినవాడు ఫైర్‌ఫాక్స్‌లో పరాయివాడే, ఇంకాగ్నిటోలోను పరాయివాడే అని వారి వాదము. వాదము నిజమే. అయినను కుఱ్ఱవానిది వట్టిమాట కాదు.

సిద్ధాంతము: సేమ్‌సైట్ అను గుర్తులేని కుకీని ‘లాక్స్’గా ఎంచు నియమమును క్రోమ్ 2020 ఫిబ్రవరిలో, తన 80వ కూర్పుతో తెచ్చుట మొదలిడెను. పరాయి సైటునుండి పోస్ట్ పద్ధతిలో తిరిగి వచ్చువానివెంట అట్టి కుకీ రాదు. బ్యాంకు పేజీలు పెక్కు ఆ పద్ధతిలోనే తిరిగి పంపును. ఫైర్‌ఫాక్స్ ఈ నియమమును అందఱికిని అట్లు విధింపలేదు. కావున అచట మొదటినుండి నింపినచో దరఖాస్తు గట్టెక్కును.

ఇందొక సూక్ష్మము కలదు. ఈ వ్యాఖ్యాతకు మిక్కిలి ప్రియమైనది. పుట్టి రెండు నిమిషములు దాటని కుకీకి క్రోమ్ మినహాయింపు నిచ్చెను. ప్రోగ్రాము వ్రాసినవాడు పరీక్షించునపుడు చకచక లాగిన్ అయి, చకచక ఒక రూపాయి కట్టి, తిరిగి వచ్చును. వానికి అంతయు సవ్యమే. ఒక్కొక్క అక్షరము వెదకి నొక్కు కాకాకు రెండు నిమిషములలో తండ్రిపేరు గడియైనను దాటదు. “మా దగ్గఱ పనిచేయుచున్నది” అను సుప్రసిద్ధ సమాధానమునకు ఇచట మూలము దొరకును.

పాఠాంతరము: కుకీపై ‘సేమ్‌సైట్ నన్, సెక్యూర్’ అని వ్రాయుట ఒక మందు. కాని ఐఓఎస్ 12 నాటి సఫారీ ‘నన్’ను ‘స్ట్రిక్ట్’ అని చదివెను! లేఖకదోషములు తాళపత్రములకే పరిమితమనుకొనువారు గమనింపవలెను.

ఒకే కంప్యూటరులో ఒకే బ్రౌజరున రెండు ట్యాబులు తెఱచి ఇద్దఱి దరఖాస్తులు నింపుట మఱొక వాడుక. రెండవవాడు లాగిన్ కాగానే మొదటివాని కుకీమీద రెండవవానిది పడును. సైటు జాగ్రత్తగా కట్టనిచో మొదటివాని వివరములు రెండవవాని పద్దులో చేరును. ఇది సెషన్ ముగియుటకంటె చెడ్డది. ఏ హెచ్చరికయు రాదు.

పరీక్ష: ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ పట్టిక చూడుడు. సర్వరు నంబరు నిచ్చెనా? బ్రౌజరు దానినే తిరిగి పంపెనా? పంపకున్న బ్రౌజరు నియమము కర్త. పంపినను ఎఱుగనన్న సర్వరు కర్త. రెండు సర్వరులు పని పంచుకొనుచు, సెషన్ ఒకదాని జ్ఞాపకమందే ఉన్న చోట్ల ఈ రెండవది తఱచు.

డబ్బు సంగతి: బ్యాంకు పద్దుకు ఈ సెషనుతో పని లేదు. లావాదేవీ నంబరుతో విచారింపక రెండవసారి కట్టరాదు.

గడువు: యక్షుని శపించిన కుబేరుడు కఠినుడే కాని, శాపము ఏడాదియని ముందే చెప్పెను. నాలుగు నెలలు మిగిలినవని యక్షునికి లెక్క తెలియును. సైటు కట్టినవారు మార్చనిచో టామ్‌క్యాట్ గడువు 30 నిమిషములు, ఏఎస్‌పీ డాట్ నెట్ గడువు 20, పీహెచ్‌పీ గడువు 1440 సెకన్లు. ఈ లెక్కను తెరమీద ఒక మూలనైనను చూపుడని కోరినచో, “రిక్వైర్‌మెంట్‌లో లేదు సార్” అని బదులు వచ్చును.