బాలు–రాజా కోటా కింద రెండు బెర్తులు కోరుతూ

రైల్వే బోర్డు పెద్దలకు,
సైదాబాద్ నుంచి ఒక పాటల పిచ్చివాడు నమస్కరించి రాసుకునే విన్నపం.

విషయం: విడిపోయి మళ్లీ కలిసినవాళ్ల కచేరీకి వెళ్లే శ్రోతలకు రిజర్వేషన్‌లో ప్రత్యేక కోటా గురించి.

అయ్యా,

తమరి దగ్గర కోటాలకు కొదవ లేదు. ఆడవాళ్లకు ఉంది, పెద్దవయసువాళ్లకు ఉంది, సైన్యానికి ఉంది, విదేశీ పర్యాటకులకు ఉంది, పార్లమెంటు సభ్యులకు ఉంది. పెద్దమనిషి ఉత్తరం సంపాదించుకోగలిగితే ఎమర్జెన్సీ కోటా ఎటూ ఉంది. ప్రదర్శనకు వెళ్లే సంగీత, నాటక కళాకారులకు ఛార్జీలో రాయితీ కూడా ఇచ్చేవారు. పాడేవాడికి ఇంత చేసి, వినేవాడిని మాత్రం వెయిటింగ్ లిస్టులో నిలబెట్టారు.

ఇది ఫిర్యాదు కాదు. తప్పు తమరిది కాదని ముందే ఒప్పేసుకుంటున్నాను. తప్పంతా రాజీలది. అవి చెప్పి రావు.

2019 జూన్ 2 ఆదివారం సంగతి తీసుకోండి. ఆ రోజు ఇళయరాజా గారి పుట్టినరోజు. (పత్రాల ప్రకారం ఆయన పుట్టింది 3న అంటారు. అది కరుణానిధి గారి పుట్టినరోజు కాబట్టి ఒక రోజు ముందుకు జరిగి 2న చేసుకుంటారు. పుట్టినరోజునే ప్రీపోన్ చేసుకున్న మనిషి, తమరు గమనించాలి.) చెన్నై శివార్లలో, పూనమల్లి దాటాక ఈవీపీ ఫిల్మ్ సిటీలో కచేరీ. సినీ సంగీత కళాకారుల సంఘానికి నిధుల కోసం పెట్టింది. ఆ వేదిక మీద ఆయన పక్కన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం నిలబడతారని తేలింది ఎప్పుడనుకున్నారు? మే నెలాఖరులో. రిహార్సల్లో ఇద్దరూ కౌగిలించుకున్న ఫొటో బయటికొచ్చాక. అప్పటి మీ లెక్క 120 రోజులు. అంటే జూన్ 1 రాత్రి బండికి టికెట్లు ఫిబ్రవరి 1నే తెరుచుకున్నాయి. ఆ నాటికి వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుంటారని చెప్పగల జ్యోతిష్కుడు మా శంకేశ్వర్ బజార్‌లోనే కాదు, మద్రాసులో కూడా లేడు.

పైగా బడి సెలవుల రోజులు. నాంపల్లి నుంచి చార్మినార్, కాచిగూడ నుంచి చెంగల్పట్టు ఎక్స్‌ప్రెస్, రెండూ నిండిపోయి ఉన్నాయి. తత్కాల్ అంటారా? ఏసీకి ఉదయం పది, స్లీపర్‌కి పదకొండు. ఆ గంటల్లో మా ఇంటి ఇంటర్నెట్ సంగతి పక్కవాళ్లకు కూడా తెలుసు. ఎల్బీ నగర్ వెళ్లి బస్సెక్కాను. వెనక వరస సీటు, ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు. దారిలో తెల్లవారుజామున నెల్లూరు వచ్చింది. బాలుగారి ఊరు కదా అని లేచి కూర్చున్నాను. నడుం మాత్రం లేవనంది.

ఇంత తాపత్రయం దేనికని తమరు అడగవచ్చు. ఇద్దరు సినిమావాళ్లు అలిగి మళ్లీ మాట్లాడుకోవడం మామూలే. కానీ ఇది అచ్చంగా ఒక బ్యాండు సంగతి. 1976లో ‘అన్నక్కిళి’తో ఇళయరాజా సంగీత దర్శకుడు కాకముందే, బాలుగారి నాయకత్వంలో మద్రాసులో ఒక కచేరీ బృందం ఉండేది. అందులో గిటారు, తర్వాత హార్మోనియం వాయించింది ఈయన. తాళవాద్యాలు అన్న భాస్కర్‌వి, ఇంకో గిటారు తమ్ముడు గంగై అమరన్‌ది. ఆ తర్వాతది మీ పెట్టెల్లో ఫోన్లు పెట్టుకుని వినే ప్రతి ప్రయాణికుడికీ తెలుసు. ‘సాగర సంగమం’, ‘రుద్రవీణ’ రెండింటికీ ఇద్దరికీ జాతీయ అవార్డులు వచ్చాయి.

2017 మార్చిలో ఆ పాత బృందం నాయకుడికే, అమెరికాలో యాభై ఏళ్ల పాటల పండుగ చేసుకుంటుండగా, రాజాగారి లాయరు నోటీసు వెళ్లింది. నా పాటలు నా అనుమతి లేకుండా పాడొద్దని. బాలుగారు ఫేస్‌బుక్‌లో సంగతి చెప్పి, మిగతా కచేరీల్లో వేరేవాళ్ల పాటలు పాడుకుంటామన్నారు. మా ఇరానీ హోటల్లో ఆ వారం చాయ్ కన్నా వాదన ఎక్కువ మరిగింది. నా మటుకు నేను, హక్కు అడగడంలో రాజాగారి పక్షమే. వాయించినవాడు, రాసినవాడు ఖాళీ చేతులతో పోవడం చాలాకాలం చూశాం. అడగాల్సింది మాత్రం నోటీసుతో కాదు, ఫోన్‌తో.

తెల్లవాళ్ల పద్ధతి వేరు. ఓయాసిస్ బ్యాండు అన్నదమ్ములు 2009లో కొట్టుకుని విడిపోయారు. మళ్లీ కలుస్తామని 2024 ఆగస్టులో ప్రకటించి, 2025 జులైలో కార్డిఫ్‌లో వాయించారు. పది నెలల వ్యవధి! అలాంటివాళ్లకు మీ రిజర్వేషన్ నియమం చక్కగా సరిపోతుంది. మనవాళ్లు కలిసేది ఒక ఫోన్ కాల్‌తో, ఒక కౌగిలితో. ఇప్పుడు మీరు 120ని 60 రోజులు చేశారు, సంతోషం. రాజీకి అది కూడా ఎక్కువే.

పూర్వోదాహరణ లేదనడానికీ వీల్లేదు. 2025 జనవరిలో కోల్డ్‌ప్లే కచేరీ కోసం ముంబయి–అహ్మదాబాద్ మధ్య ప్రత్యేక రైళ్లు నడిపారు. శబరిమలకు, సంక్రాంతికి నడుపుతూనే ఉన్నారు. మేం బండి అడగడం లేదు. పెట్టెకు రెండు బెర్తులు చాలు, అవీ కింది బెర్తులు. ‘గీతాంజలి’ని థియేటర్లో చూసినవాళ్లం, పైకెక్కలేం.

ఋజువు పత్రాల గురించి కూడా ఆలోచించాను. తహసీల్దారు కార్యాలయంలో నివాస ధ్రువపత్రం ఇస్తారు, ఆదాయానిది ఇస్తారు, తగాదా తీరిన ధ్రువపత్రం ఇవ్వరు. కాబట్టి నోటీసు వెళ్లిన వార్త ఒకటి, కౌగిలింత ఫొటో ఒకటి జత చేస్తే చాలని నిర్ణయించగలరు.

ఈ కోటా అత్యవసరం అనడానికి ఒక కారణం ఉంది. ఆ రోజు బస్సు వద్దన్న మా బావమరిది, “హైదరాబాద్‌లో పెట్టకపోతారా బావా, అప్పుడు హాయిగా పోదాం” అన్నాడు.  2020 మార్చి 22న తమరి ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. ఆగస్టులో, ఆస్పత్రిలో ఉన్న బాలుని త్వరగా లేచి రమ్మని రాజాగారు వీడియోలో పిలిచారు. సెప్టెంబరు 25న బాలుగారు వెళ్లిపోయారు. రాజీ కుదిరాక ఇద్దరికీ దొరికింది పదహారు నెలలు కూడా కాదు. అందులో ఆరు నెలలు బండ్లే సరిగ్గా లేవు.

మా బావమరిదికి ఆ కచేరీ ఇప్పటికీ ఫోన్ తెర మీదే. నేను ఊసెత్తితే, “నీకేం, నీ నడుం నొప్పికి ఒక అర్థం ఉంది” అంటాడు.

ఇట్లు,
సైదాబాద్ వాసి

తా.క.: రాత్రి పది దాటాక పెట్టెలో గట్టిగా పాటలు పెట్టకూడదని నియమం ఉన్నట్టు తెలుసు. పెట్టం. తిరుగు ప్రయాణంలో మేమే పాడుకుంటాం, కోరస్‌తో సహా. దానికి రుసుము ఏదైనా ఉంటే టికెట్‌లో కలిపేయండి. అనుమతి మాత్రం ముందే రాజాగారిని అడిగి పెట్టుకోండి. ఫోన్‌లో.