కట్టినదాని మీద మళ్లీ కట్టు

మాఘం వచ్చిందంటే పెనుగంచిప్రోలులో రెండు హడావిడులు. మునేటి ఒడ్డున తిరుపతమ్మ తల్లి పెద్ద తిరునాళ్ల ఒకటి, జీతగాళ్ల ఐటీ లెక్కలు రెండోది. మొదటిదానికి జనం బండ్లు కట్టుకుని వస్తారు. రెండోదానికి లెక్కల్లో చెయ్యి తిరిగిన ఏ మాస్టారో తయారుచేసిన ఎక్సెల్ షీటు వాట్సాప్‌లో వస్తుంది. అందులో ఓ చిన్న గడి: వృత్తి పన్ను, 2400.

జీతం 20 వేలు దాటితే నెలకు 200 చొప్పున రాష్ట్రం ముందే పట్టుకునే సొమ్మిది. చేతికి రాని డబ్బును ఆదాయం అనడం బాగోదని పాత పద్ధతిలో కేంద్రం దాన్ని తీసేసి లెక్క కడుతుంది. 20 శాతం శ్లాబువాడికి దీనివల్ల మిగిలేది సెస్సుతో కలిపి 499 రూపాయల 20 పైసలు. 2020 బడ్జెట్ తెచ్చిన కొత్త పద్ధతిలో ఆ గడికి చోటు లేదు. రాష్ట్రం తీసుకున్నదాన్ని కూడా మనమే తిన్నామని రాసుకుని ఢిల్లీకి పన్ను కట్టాలి. ఎవరూ కిక్కురుమనలేదు. 499 రూపాయల కోసం ధర్నా చేస్తే షామియానా అద్దెకే చాలదు. పైగా 2025లో 12 లక్షల దాకా పన్ను పడదన్నారు, ఉన్న కాస్త కోపమూ చల్లారింది.

రాష్ట్రాన్ని మాత్రం తప్పుపట్టలేం. ఏడాదికి 2500 మించి లాగొద్దని రాజ్యాంగం 276వ అధికరణలోనే ఉంది. 250ని 2500 చేసింది 1988లో. ఆనాటి ధరకే ఈనాటికీ దొరుకుతున్న సరుకు దేశంలో ఇదొక్కటే అనుకుంటాను.

ఇంటి పన్నుది ఇంకో తమాషా. మనముండే ఇంటికి పంచాయతీలో కట్టింది ఐటీ లెక్కలో చెల్లదు. నందిగామలో కొట్టు అద్దెకిచ్చారనుకోండి, కొత్త పద్ధతిలోనూ అద్దెలోంచి తీసేసుకోవచ్చు. కాకపోతే ఓనరే కట్టాలి, అదీ ఆ ఏడాదిలోనే. మన ఓనర్లు "పన్ను నువ్వే కట్టుకో" అని అద్దెకున్నవాడి నెత్తిన రుద్ది మురిసిపోతుంటారు. రుద్దింది పన్నుతో పాటు తగ్గింపును కూడా.

అమ్మవారి విగ్రహాలు రంగులకు జగ్గయ్యపేట వెళ్లేది రెండేళ్లకోసారి. పన్ను చట్టానికి ఏటా ఫిబ్రవరి ఒకటినే రంగులు. 2025లోనైతే 1961 చట్టాన్నే మార్చేసి, 819 సెక్షన్లను 536కి కుదించి, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలన్నారు. కొత్త పద్ధతిలో వృత్తి పన్నుకు మాత్రం ఇందులోనూ చోటు దొరకలేదు.

ఇదే గొడవ అమెరికాలో అయితే చట్టసభ దాకా పోతుంది. రాష్ట్రానికీ ఊరికీ కట్టిన పన్నుల్లో 10 వేల డాలర్లకు మించి తగ్గించేది లేదని 2017లో ట్రంప్ చట్టం గీత గీసింది. న్యూజెర్సీలో ఒక్క ఇంటి పన్నే అంత దాటడం మామూలు. విడివిడిగా ఇద్దరికి చెరో 10 వేలు, పెళ్లాడితే ఇద్దరికీ కలిపి 10 వేలే! న్యూయార్క్, న్యూజెర్సీల రిపబ్లికన్ సభ్యులు ఓటెయ్యబోమని మొరాయిస్తే 2025 జూలైలో అదే ట్రంప్ సంతకంతో అది 40 వేలైంది. 2030లో మళ్లీ 10 వేలే. ఆదాయం 5 లక్షల డాలర్లు దాటినవాళ్లకు ఈలోపే కోత.

న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇల్లు కొన్న అల్లుడొకడు పెనుగంచిప్రోలు మామగారికి ఫోన్ చేశాడు. "టెక్సస్ వెళ్లిపోదామనుకుంటున్నాం మావయ్యగారూ, అక్కడ రాష్ట్రానికి ఆదాయప్పన్నే లేదు."

"మరి ఇంటి పన్నో?"

సిగ్నల్ సరిగా లేదన్నాడట.