లూటీకి రసీదు

ఇంట్లో పాత కత్తి ఉన్నంత మాత్రాన సరిపోదండీ. దాన్ని ఎవరి దగ్గర కొట్టుకొచ్చారో చెప్పే కాగితం కూడా ఉండాలి. కాగితం లేకపోతే అది ఉత్త ఇనుము. పాత సామాన్లవాడు కాటాలో పడేసి కిలోల లెక్కన తీసుకుపోతాడు. కాగితం ఉందా, లండన్‌లో సూటుబూటు వేసుకున్న పెద్దమనిషి సుత్తి పట్టుకుని పాట పెడతాడు.

2023 మేలో అదే జరిగింది. శ్రీరంగపట్నంలో మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ పడకగదిలో దొరికిన కత్తిని లండన్‌లో బోనమ్స్ అనే వేలం సంస్థ వారు పాటకు పెట్టారు. పదిహేను, ఇరవై లక్షల పౌండ్లు రావచ్చని వాళ్ల అంచనా. పలికింది కోటీ నలభై లక్షల పౌండ్లు. మన డబ్బుల్లో 140 కోట్ల పైమాటే. పిడి మీద బంగారు పని ఉంది, ఒప్పుకుంటాను. ఉక్కూ మేలిరకమే. కానీ పనితనం ఒక్కదానికే అంత రాదు. దీనికి రేటు కట్టింది పూర్వచరిత్ర. 1799 మే 4న కోట కూలింది, టిప్పు నేలకొరిగాడు. ఆ దాడిని ముందుండి నడిపిన డేవిడ్ బేర్డ్ దొరకు సైన్యం ఈ కత్తిని కానుకగా ఇచ్చింది. ఇంటాయన శవం ఇంకా గుమ్మంలో ఉండగానే పడకగది సామాను సర్దేసి సన్మానం చేయడమన్నమాట. ఆ సన్మానానికి సాక్ష్యం ఉంది కాబట్టే సుత్తి అంత ఎత్తుకు లేచింది.

కోటను కొట్టిన ఈస్టిండియా కుంపిణీ వారిది అడ్డగోలు దోపిడీ అనుకునేరు, పాపం. అంతా పద్ధతి ప్రకారం. దోచిన సొత్తు లెక్కకట్టడానికి ప్రైజ్ ఏజెంట్లని ఒక కొలువే ఉండేది. టిప్పు సింహాసనాన్ని ముక్కలు చేసి మరీ పంచారు. జనరల్‌కు జనరల్ వాటా, సిపాయికి సిపాయి వాటా. ఇప్పటి వేలం కేటలాగులకు మూలపురుషులు ఆ గుమాస్తాలే.

టిప్పుదేనని చెప్పే కత్తి ఒకదాన్ని 2023 పాటకు ఇరవయ్యేళ్ల ముందే లండన్ వేలంలో మద్యం వ్యాపారి విజయ్ మాల్యా కొన్నారు. దేశం పరువు తిరిగి తెచ్చారని అప్పట్లో పత్రికలు మురిసిపోయాయి. 2018లో బ్యాంకుల తరఫు లాయర్లు లండన్ కోర్టులో చెప్పిందేమంటే, కత్తి ఇంటికి అచ్చిరాలేదని 2016లోనే ఎవరికో ఇచ్చేశారట. వేల కోట్ల అప్పు తెచ్చిన పాపం కత్తి నెత్తిన పడింది. ఎంతయినా నోరులేనిది.

పాత కత్తులు పోగేసే సరదా ఉన్న ఇంటికి భోజనానికి వెళితే ముందు తెల్ల చేతితొడుగులు వస్తాయి, తర్వాతే మంచినీళ్లు. వేలి చెమట తగిలితే తుప్పు పడుతుందట, అది నిజమే. తర్వాత ఒరలోంచి తల్వార్ తీసి, అలుగు పొడవునా ఉన్న గాడిని చూపించి, గొంతు తగ్గించి, "రక్తం కారిపోవడానికండీ" అంటారు. ఆ గాడి బరువు తగ్గించి అలుగును బిగువుగా ఉంచడానికి పెట్టింది. అయినా ఆ మాట అనకండి, భోజనం వేళ. తుప్పు ఎంత అందంగా ఉందోనని మెచ్చుకోండి. రాజస్థాన్ దుకాణంలో కొత్త కత్తిని ఆసిడ్‌లో ముంచి, మట్టిలో పాతి తీస్తే మూడొందల ఏళ్ల చరిత్ర మూడు వారాల్లో పట్టేస్తుందన్న సంగతి కూడా మీ కడుపులోనే ఉంచుకోండి. అదే ఊళ్లో సందు చివర కుర్రాడు తల్వార్‌తో పుట్టినరోజు కేకు కోసి వీడియో పెడితే ఆయుధాల చట్టం కింద కేసు. అద్దాల బీరువాలో పెడితే అభిరుచి.

ఈ లూటీ కథల్లో హైదరాబాద్ వాటా కూడా ఉంది. 2022 ఆగస్టులో గ్లాస్గో మ్యూజియంల వారు ఏడు వస్తువులు భారతదేశానికి తిరిగిస్తామని సంతకం చేశారు. వాటిలో ఒకటి నిజాం గారి తల్వార్. 1905లో నిజాం ప్రధానమంత్రే దాన్ని దొంగిలించి, బొంబాయి సేనాపతి ఆర్చిబాల్డ్ హంటర్‌కు అమ్మాడని వాళ్ల కథనం. అమ్మినవాడు మనవాడు కాబట్టి దొంగ. కొన్నవాడు దొర కాబట్టి సేకర్త.

గ్లాస్గో వాళ్లు ఊరికే ఇస్తామన్నారు, నయమే. మహారాష్ట్ర సర్కారు 2025లో మరాఠా సేనాని రఘూజీ భోంస్లే కత్తిని లండన్ వేలం నుంచి దాదాపు 47 లక్షలు పోసి తెచ్చుకుంది. నూరేళ్లు దాటిన వస్తువు దేశం దాటకూడదని మనకు చట్టం ఉంది. చట్టం రాకముందే దాటిపోయినదానికి, గ్లాస్గో లాంటివాళ్లు ఊరికే ఇస్తే తప్ప, దారి ఒకటే: ఇల్లుగలాయన పాటలో చెయ్యెత్తి, సొంత సొమ్ముకు డబ్బు కట్టి, రసీదు పుచ్చుకోవడం.

అసలు ఈ పాత కత్తుల ఉక్కు ఎక్కడిది? అన్ని కత్తులదీ కాదుగానీ, పేరుపడ్డ పర్షియా కత్తుల్లో కొన్నింటి పుట్టిల్లు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. హెన్రీ వాయిసీ అనే దొర కళ్లారా చూసి రాసిన వర్ణన 1832లో అచ్చయింది. మట్టి మూసలో ఇనుము వేసి, మూత బిగించి, ఒక పగలూ రాత్రీ కొలిమిలో కాల్చేవారు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు దగ్గర కూర్చుని పాళ్లు తూయించి, ముద్ద గట్టిదనం తనే పరీక్షించుకునేవాడట. పర్షియాలో ఆ ముద్దను సాగగొట్టి కత్తి చేసినవాడు అలుగు మీద బంగారంతో పేరు చెక్కుకున్నాడు. దాన్ని పట్టుకున్న రాజు పేరుంది, లాక్కున్న దొర పేరుంది, పాట పాడిన కోటీశ్వరుడి పేరూ అవసరమైతే దొరుకుతుంది. కోనసముద్రంలో మూస కాల్చినవాడి పేరు మాత్రం ఏ కేటలాగూ అడగదు. ఎందుకడుగుతుంది, ఆయన ఎవరి దగ్గరా కొట్టేయలేదు కదా.