ముందొచ్చిన సన్నని కేక

ధర్మవరంలో పట్టుచీరలు అమ్మే ఒకాయన ఫోనులో గోరంత చిప్‌ని నేను. అల్ట్రా వైడ్‌బ్యాండ్ రేడియోని. ఆయన చీరల మూటకు కట్టిన ట్యాగ్ ఎంత దూరంలో ఉందో చెప్పడం నా పని.

2002 ఫిబ్రవరిలో అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ దాకా మా జాతికి తలుపు తీసింది. మెగాహెర్ట్జ్‌కు మైనస్ 41.3 డీబీఎం దాటకూడదని షరతు, అంటే గుసగుసే. 2019లో ఫోన్లలోకి వచ్చాం.

నా బ్యాండ్ వెడల్పు 500 మెగాహెర్ట్జ్, నా పల్స్ ఆయుష్షు రెండు నానోసెకన్లు. అంతలో తరంగం 60 సెంటీమీటర్లు వెళుతుంది. హిందూపురం చింతపండు మండీలో రేకుల కప్పు, ఇనుప షట్టర్లు తగిలి ఒక్క కబురు ఎన్నో దారుల్లో వస్తుంది. నా పక్కనున్న బ్లూటూత్‌ది ఒకటి రెండు మెగాహెర్ట్జ్ వెడల్పే కనుక అవన్నీ దానికి ఒకే కుప్ప. ఒక అల లేచేచోట మరొకటి కుంగితే కబురు సన్నగిల్లుతుంది. అదే ఫేడింగ్. నాకు మాత్రం 60 సెంటీమీటర్ల తేడా ఉంటే ప్రతిధ్వనులు విడివిడిగా అందుతాయి. వాటిని కూడగట్టి బలం చేసుకునే రేక్ రిసీవర్‌ను ప్రైస్, గ్రీన్ 1958లోనే వివరించారు. ఆ ఇద్దరికీ నేను రుణపడి ఉన్నాను.

పెనుకొండ కోట కింద ఆరుబయట పని సులువనిపిస్తుంది గానీ కాదు. ఫోను, ట్యాగ్ నేలకు మీటరు ఎత్తున, పది మీటర్ల ఎడంలో ఉంటే నేలను తాకి వచ్చే దారి నేరుగా వచ్చేదానికన్నా 20 సెంటీమీటర్లే ఎక్కువ. ఆ రెంటినీ నేను విడదీయలేను. 3.1 నుంచి 10.6 దాకా మొత్తం వాడుకునే పల్స్ అయితే 4 సెంటీమీటర్ల తేడా కూడా పట్టేది.

అసలు పరీక్ష ధర్మవరం మగ్గమింట్లోనే. భవనాల లోపల ప్రతిధ్వనులు గుంపులుగా వస్తాయని సాలే, వాలెన్‌జువేలా 1987లో చూపారు. యజమాని ఒళ్లు అడ్డుపడితే నేరుగా వచ్చే తరంగం నీరసిస్తుంది; ఇనుప బీరువా మీంచి తిరిగొచ్చింది గట్టిగా మోగుతుంది. కబురు చదవడానికి రెండూ పనికొస్తాయి. దూరం చెప్పాలంటే మాత్రం గట్టిదాన్ని నమ్మకూడదు, సన్నదైనా ముందొచ్చినదాన్నే పట్టుకోవాలి. ఒక నానోసెకను పొరబడితే 30 సెంటీమీటర్లు తప్పు. ఆ తొలి కేకను దొంగలు అనుకరించకుండా 2020 నాటి 802.15.4జడ్ ప్రమాణం ఊహకందని పల్స్‌ల వరుసను జోడించింది. ఇప్పుడు ముందొచ్చిందా అనే కాదు, మా ట్యాగ్ నుంచే వచ్చిందా అని కూడా చూస్తాను.