ఇరవై నాలుగు గంటల్లో సముద్రం

సోలాపూర్ పూర్వభాగ్‌కు సముద్రం వచ్చేసింది. ఉజనీ డ్యామ్ నీళ్లే కొన్ని రోజులకోసారి గానీ నల్లాలో కనబడని పేటల్లోకి, ముంబయి నుంచి నాలుగు వందల కిలోమీటర్లు దాటుకుని అరేబియా సముద్రం నేరుగా నడింట్లోని గాజు తొట్టెలోకి దిగింది. దుకాణంలో లైవ్ రాక్ అనే రాయి దొరుకుతుంది కదా, ఇంకేం కావాలి? పొద్దున రాయి పెట్టు, మర్నాటికి నీమో చేపను వదులు. చద్దర్ల కార్ఖానాదారు పెట్టాక టవళ్ల కార్ఖానాదారు ఊరుకుంటాడా? పైగా ఈశాన్యంలో పెడితే ఆర్డర్లు కూడా వస్తాయట.

రాయి గొప్పదే, ఎవరూ కాదనరు. పగడాలు చచ్చాక మిగిలిన సున్నపు ఎముకల గూడది. దాని బొరియల నిండా బ్యాక్టీరియా. చేప మొప్పల్లోంచి వదిలే అమోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ విషాలే, మూడోది కాస్త నయం. ఇలాంటి రాళ్లతో తొట్టెను నిలబెట్టడం ఎలాగో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లోనే రాశాడు.

దుకాణదారు చెప్పని సంగతి వేరే ఉంది. రాయి దారిలో ఉండగానే దానిమీది స్పాంజీలూ పురుగులూ సగం చస్తాయి. తొట్టెలో పడ్డాక అవి కుళ్లుతాయి. మూత తీస్తే ఎండుచేపల బజారు వాసన. అంటే అమోనియాను తినాల్సిన రాయే ముందు అమోనియాను కక్కుతుంది. ఆ విషం పెరగాలి, తగ్గాలి, నైట్రైట్ పెరగాలి, అదీ తగ్గాలి. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు.

ఇరవై నాలుగు గంటలట! బీము ఎక్కించి, పోగులు అతకకముందే చద్దర్ నేసిస్తానన్న పనివాణ్ణి ఈ పేటలో ఏ కార్ఖానాదారైనా సాంచా (మరమగ్గం) దగ్గరికి రానిస్తాడా? అదే కార్ఖానాదారు, బోర్డు మీద ‘రెడీ ట్యాంక్’ అని కనబడగానే పర్సు తీస్తాడు. నమ్మకం కుదరకపోతే పక్కనే బ్యాక్టీరియా సీసా. అదీ చాలకపోతే గట్టి ప్రాణమని పేరున్న డామ్సెల్ చేపలు నాలుగు: బతికితే నీళ్లు మంచివి, చస్తే మళ్లీ నాలుగు.

నాలుగో రోజుకు చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. దుకాణానికి ఫోన్ చేస్తే ఒకటే మందు: సగం నీళ్లు మార్చండి.

ఇక్కడే ఒళ్లు మండుతుంది. మూడు వందల లీటర్ల తొట్టెకు లీటరుకు 35 గ్రాముల లెక్కన పదిన్నర కిలోల ఉప్పు కావాలి. అది డబ్బున్నవాడి సరదా, పోనివ్వండి. నీళ్లు? నల్లా నీళ్లు పనికిరావు, ఆర్వో నీళ్లే పోయాలి. ఇళ్లలో వాడే మామూలు ఆర్వో లీటరు మంచినీళ్లిచ్చి మూడు లీటర్ల దాకా మోరీలోకి వదులుతుంది. తొట్టె నిండేసరికి తొమ్మిది వందల లీటర్ల దాకా మోరీపాలు. సగం మార్చిన ప్రతిసారీ ఇంకో నాలుగు వందల యాభై దాకా. ఎండాకాలంలో ఆవిరయ్యేది వేరే. పొద్దంతా బీడీలు చుట్టిన ఆడవాళ్లు నల్లా ఎప్పుడొస్తుందోనని అర్ధరాత్రి డ్రమ్ముల పక్కన కూర్చునే గల్లీ ఇది. ఆ గల్లీ మోరీలో, ఒక అబద్ధపు బోర్డును నమ్మినందుకు, డ్రమ్ముల కొద్దీ నీళ్లు పారుతున్నాయి. దీన్ని సరదా అనరు, సిగ్గుమాలినతనం అంటారు. ఆరు వారాలు ఓపిక పడితే ఈ మార్పిడుల్లో చాలావరకు అవసరమే రాదు.

ఎండలు 43 డిగ్రీలు దాటే ఊళ్లో తొట్టె నీళ్లను 26 దగ్గర నిలిపే చిల్లర్ ఖర్చు, కరెంటు పోయిన రాత్రుల కథ ఇంకోసారి.

రాయి ఎక్కడిదని అడిగితే మాత్రం దుకాణదారు నోరు పెగలదు. రాతిపగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో సమానంగా. మన సముద్రంలోంచి తీసిన ఎండు పగడపు కొమ్మ ఇంట్లో ఉన్నా నేరమే. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. మన్నార్ సింధుశాఖలో సున్నం కోసం పగడాలు తవ్వీ తవ్వీ రెండు దీవులే నీట మునిగాయి.

కొనాలనే ఉంటే రాయి ఎక్కడినుంచి వచ్చిందో రాసి ఉన్న బిల్లు అడగండి. రాయితోపాటు అమోనియా, నైట్రైట్ పరీక్షల కిట్ కొనండి. రెండూ పెరిగి, మళ్లీ సున్నా చూపేదాకా ఒక్క చేపనూ ఇంటికి తేకండి. బిల్లు ఇవ్వనంటే ఆ దుకాణం మెట్లు దిగి వచ్చేయండి.