మిక్సీజారు విరాటపర్వం

అవతారిక

వాణీ! కాసేపు వీణ పక్కన పెట్టి ఈ మిక్సీ మోత ఆలకించు తల్లీ! రాజ్యాల కోసం, ఆవుల మందల కోసం, విరబోసిన కొప్పు కోసం జరిగిన యుద్ధాలను పాడినవారు కోకొల్లలు. చట్నీజారు అడుగున, బ్లేడు కింద నక్కిన ఒక రబ్బరు వాషరు కోసం బెజవాడ బీసెంట్ రోడ్డులో జరిగిన సంగ్రామాన్ని మాత్రం ఏ కవీ తలకెత్తుకోలేదు. ఆ భారం నాకు మిగిలింది.

ప్రథమాశ్వాసం

తెల్లవారింది. అట్టు పెనం మీద పూర్ణచంద్రుడై ఉదయించింది. దానికి తోడు కావలసిన చట్నీ కోసం కొబ్బరిముక్కలు, పుట్నాలపప్పు, పచ్చిమిర్చి అనే త్రివిధ దళాలు కొత్త జారులోకి ప్రవేశించాయి. మూత బిగిసింది. మీట తిరిగింది. దిక్కులు పిక్కటిల్లాయి. పక్కింటి పసివాడు లేచి కేరుమన్నాడు. అంతలో జారు అడుగు నుంచి శ్వేతవర్ణ శోభితమైన ఒక ధార బయల్దేరి, గట్టు దాటి, గడప దాటి, ఇంటాయన పాదాలు కడిగింది.

మిక్సీ కొని ఇంకా వారం కాలేదు.

అప్పుడా ఇంటాయన ఉత్తరకుమారుడిలా విజృంభించాడు. "నేను గాని కొట్టు గుమ్మంలో కాలు పెట్టానా, వాడే ఎదురొచ్చి డబ్బు చేతిలో పెడతాడు. చూస్తూ ఉండు!" అన్నాడు. ఇల్లాలు నవ్వలేదు. "సరే పదండి, నేనూ వస్తా" అని మాత్రం అని, గోడనున్న కేలండరు వెనక చెయ్యి పెట్టింది. ఆ ఇంటి జమ్మిచెట్టు అదే. కరెంటు బిల్లులు, గ్యాసు రసీదులు, సకల దివ్యాస్త్రాలూ అక్కడే దాగి ఉంటాయి. మిక్సీ బిల్లు కిందికి దిగింది. అది థర్మల్ కాగితం. నాలుగు నెలలు ఎండ తగిలితే అక్షరాలు అంతర్ధానమయ్యే జాతి. అందుకే ఆ తల్లి కొన్ననాడే దానికి ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంది.

ద్వితీయాశ్వాసం

అంగడి ఎదురైంది. కుక్కర్లు గోపురాలై, గిన్నెలు ప్రాకారాలై నిలిచాయి. గల్లాపెట్టె వెనక లక్ష్మీదేవి పటం, పటం కింద యజమాని, యజమాని పక్కన ఎర్రక్షరాల శిలాశాసనం: "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు, మార్చబడదు."

ఆ శాసనం చదివిన మరుక్షణం ఇంటాయన మోకాళ్ళు మృదంగం వాయించాయి. "అన్నట్టు, బండి నో పార్కింగులో పెట్టానే. చూసొస్తా" అని మెట్లు దిగిపోయాడు.

రణరంగంలో ఇల్లాలు ఒంటరిగా మిగిలింది.

"బోర్డు చూశారుగా అమ్మగారూ, బిల్లు మీదా అదే ఉంది. సర్వీసు సెంటరుకి పట్టుకెళ్ళండి, వాషరు మార్చేస్తారు" అన్నాడు యజమాని, క్యాలిక్యులేటరు మీంచి చూపు ఎత్తకుండా.

ఆవిడ వాదించలేదు. వాటర్ క్యాను దగ్గరికి నడిచి, జారులో నీళ్ళు పట్టి, గల్లా ముందు అద్దం మీద ప్రతిష్ఠించింది. ఒక బొట్టు జారింది. రెండో బొట్టు దాని చెయ్యి పట్టుకుంది. రెండూ కలిసి వాగై, ఆయన ఖాతాపుస్తకం దిక్కుగా ప్రవహించాయి. కుక్కరు కొనబోతున్న దంపతులు బేరం ఆపి దగ్గరికొచ్చారు. అంతకన్నా సాక్ష్యం ఏ లాబొరేటరీ ఇవ్వగలదు?

అప్పుడు ఇల్లాలు అస్త్రం సంధించింది. "బాబుగారూ, మీ బోర్డు నేను చదివాను. మీరూ ఒకటి వినండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019. రెండో సెక్షను, 47వ క్లాజు. లోపమున్న వస్తువు అమ్మి, వెనక్కి తీసుకుని డబ్బివ్వననడం అనుచిత వ్యాపార పద్ధతి. గడువు బిల్లులో రాసి ఉంటే ఆ గడువు, రాయకపోతే ముప్ఫై రోజులు. మీరు రాసుకున్న వాక్యం చట్టాన్ని కొట్టేయలేదు."

యజమాని మొదట కొత్త వాషరు విసిరాడు. అది నేలరాలింది. "పోనీ, ఆ డబ్బుకి ఇంకేదైనా సామాను తీసుకోండి" అన్నాడు. అదీ నేలరాలింది. "నాకు సామాను వద్దండీ, డబ్బు కావాలి" అంటూ ఆవిడ తన వెనకున్న సైన్యాన్ని వరసపెట్టి చూపింది. ముందు వరసలో 1915, జాతీయ హెల్ప్‌లైను. దాని వెనక జిల్లా వినియోగదారుల కమిషను. కొట్టు ఎక్కడున్నా సరే, తానుంటున్న ఊళ్ళోనే ఫిర్యాదు వేయవచ్చు. వస్తువుకి చెల్లించింది 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. వ్యవధి రెండేళ్ళు.

యజమాని సైన్యాన్ని చూశాడు, తడిసిన ఖాతా చూశాడు, చేతులు కట్టుకు నిలబడ్డ కుక్కరు దంపతులను చూశాడు. గల్లాపెట్టె కిర్రుమంటూ తెరుచుకుంది.

తృతీయాశ్వాసం

నోట్ల గలగల వినగానే ఇంటాయనకు పోయిన శౌర్యం తిరిగొచ్చింది. బండి డిక్కీలోంచి ఆకుపచ్చ చొక్కా ఒకటి తీసి, "ఇదే ఊపులో పక్క వీధి బట్టలకొట్టు మీదికి కూడా పోదాం పద!" అన్నాడు.

"చిరిగిందా?"

"లేదు."

"కుట్టు ఊడిందా? చెప్పిన సైజు కాక వేరేది ఇచ్చాడా?"

"లేదు. ఇంటికొచ్చాక రంగు నచ్చలేదు."

ఇల్లాలు గాండీవం దించింది. "వస్తువు చెడితే చట్టముందండీ, మనసు మారితే లేదు. వారం రోజుల్లో మార్చుకోవచ్చని ఆ కొట్టువాడు మాటిచ్చి ఉంటే ఆ మాట మీద నిలదీస్తాం. మీ బిల్లులో అలా ఉందా?"

ఇంటాయన జేబులన్నీ గాలించాడు. బిల్లే లేదు. అడిగి తీసుకోలేదు. అడిగినా ఇవ్వకపోతే అదీ అదే క్లాజు కింద తప్పేనని ఆవిడ దారిలో చెబుతుంటే, ఆయన హెల్మెట్ గట్టిగా బిగించుకున్నాడు.

ఫలశ్రుతి

ఈ పర్వం చదివినవారికి, చదివించుకుని విన్నవారికి బిల్లు అడిగే నోరు, దాచే బుద్ధి, ముప్ఫై రోజుల్లోపు కొట్టుకి నడిచే కాళ్ళు సిద్ధిస్తాయి. రంగు నచ్చని చొక్కా కొన్నవారికి మాత్రం, దాన్ని తొడుక్కుని పెళ్ళికెళ్ళే ధైర్యం ప్రాప్తిస్తుంది.