ఆరో నంబరు టోకెన్ కథ

ఆరో నంబరు టోకెన్ అరచేతిలో ఇమిడే అల్యూమినియం బిళ్ల. పైన చిల్లు, మధ్యలో గుద్ది అచ్చువేసిన 6 అంకె. అంతర కళాశాలల క్రాస్ కంట్రీ పరుగు ముగిసే చోట సరుగుడు కర్రలు పాతి తాడు కట్టిన సన్నటి దారి ఉంటుంది. అందులోకి ఆరోగా వచ్చినవాళ్ల చేతిలో పడటమే ఈ టోకెన్ పని. వచ్చినవాళ్లకు ఊపిరి అందదు, వేళ్లు వణుకుతుంటాయి. బిళ్ల చెమటకు జారి గడ్డిలో పడిన సందర్భాలూ ఉన్నాయి. యూనివర్సిటీ జట్టుకు మొదటి ఆరుగురినే తీసుకుంటారు గనుక, లోపలికీ బయటికీ మధ్య గడప ఈ టోకెనే.

ట్రాక్ మీద 10,000 మీటర్లంటే 25 చుట్లు, ఏ ఊళ్లోనైనా అంతే. అందుకే అక్కడ ఇంత సమయంలోపు పరుగెత్తితేనే అర్హత అని గీత గీయవచ్చు. క్రాస్ కంట్రీకి ఆ వీలు లేదు. కోరుకొండలో నరసింహస్వామి కొండ పక్క మెట్ట దారిలో తీసిన సమయాన్ని కోనసీమ కాలవగట్టు మీద తీసిన సమయంతో పోల్చలేం. అందుకే గడియారం కన్నా స్థానానికే విలువ ఎక్కువ.

జట్టు విజేతను తేల్చేదీ స్థానాలే. ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీల్లో జట్టుకు ఆరుగురు పరుగెత్తినా, ముందొచ్చిన నలుగురి స్థానాలనే కూడతారు. తక్కువ మొత్తం వచ్చిన జట్టుదే గెలుపు. ఒక జట్టువాళ్లు 1, 4, 9, 20 స్థానాల్లో వస్తే మొత్తం 34. ఇంకో జట్టువాళ్లు 6, 7, 8, 10 స్థానాల్లో వస్తే 31. అందరికన్నా ముందొచ్చినవాడు మొదటి జట్టులో ఉన్నా, కప్పు రెండో జట్టుదే. ఈ టోకెన్‌కు బాగా నచ్చిన లెక్క ఇది. 

టోకెన్ తయారైన రోజుల్లో గోదావరి జిల్లాల కాలేజీలు 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. కోరుకొండ కుర్రాడు శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి దాకా ఉన్న పరుగువీరులందరితో పోటీపడి ఆరుగురిలో ఒకడు కావాల్సి వచ్చేది. 2006లో రాజానగరం దగ్గర ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చాక ఆ పోటీ గోదావరి జిల్లాల మధ్యకే వచ్చింది. పరుగు మారలేదు, ఆరో టోకెన్ మాత్రం ఇంకా చాలామందికి అందేంత దగ్గరైంది. అంతర కళాశాలల పోటీలో నెగ్గినవాళ్లు వెళ్లేది భారత విశ్వవిద్యాలయాల సంఘం జరిపే అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీకి.

అమెరికా కాలేజీలది వేరే పద్ధతి. అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో తొమ్మిది ప్రాంతాల నుంచి రెండేసి జట్లు నేరుగా ఫైనల్‌కు వెళ్తాయి. మరో 13 జట్లను సీజనంతా అవి ఎవరిని ఓడించాయో చూసి ఎంచుతారు. మొత్తం 31 జట్లు. జట్టు వెళ్లకపోయినా బాగా పరుగెత్తిన 38 మందికి విడిగా చోటుంటుంది. అక్కడ ఒక్కరోజు కాలు బెణికిన జట్టుకు ఇంకో దారి ఉంది. ఇక్కడ ఒక్క ఉదయంతోనే తేలిపోతుంది. ముందురోజు రాత్రి జ్వరం వస్తే ఏడాది పోయినట్టే. ఇది పెద్ద లోటు. అయితే ఊరూరా పోటీలకు తిరిగే డబ్బు లేని పిల్లలకు ఆ ఒక్క ఉదయమే న్యాయం కూడా. బస్సు చార్జీ పెట్టుకుని వస్తే చాలు, పేరు వినని కాలేజీ అయినా టోకెన్ ఇస్తారు.

టోకెన్‌కు మాసిపోని మచ్చ ఒకటుంది. ఒక ఏడాది ఒక మైదానంలో ఇద్దరు ఒకేసారి తాడులోపలికి దూరారు. పంచేవాళ్ల చేతిలో బిళ్లలు తారుమారై, ఏడోగా వచ్చిన కుర్రాడి చేతిలో 6 పడింది. పక్కన ఇంకొకరు వచ్చినవాళ్లను వచ్చినట్టు చెస్ట్ నంబర్లు రాసుకోబట్టి తప్పు దొరికింది. అప్పటికే ఆ కుర్రాడు ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాడు. బిళ్ల తిరిగి ఇచ్చేటప్పుడు పిడికిలి వెంటనే విప్పలేకపోయాడు. అందుకే టోకెన్లు పంచేవారు ఒకరు, నంబర్లు రాసేవారు మరొకరు ఉండాలి. రెండు కాగితాలూ సరిపోలాకే ఫలితం చదవాలి.

ఫలితం తర్వాత కాగితాల పని. టెన్త్ మార్కుల మెమో, ఇంటర్ మెమో, కాలేజీ బోనఫైడ్, వయసు 25 దాటలేదన్న రుజువు. వీటిలో ఏది తేడా వచ్చినా ఏడో టోకెన్ అందుకున్నవాళ్లకు పిలుపు వెళ్తుంది. ఎంట్రీ ఫారం మీద ఆరు పేర్లూ ఎక్కాక పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారు బిళ్లలు లెక్కపెట్టి, వరుసగా తీగకు గుచ్చి సంచిలో వేస్తారు.